హార్గస్ 'పిగ్' రాబిన్స్

హార్గస్ మెల్విన్ రాబిన్స్ (1938 జనవరి 18 – 2022 జనవరి 30) అమెరికాకు చెందిన పియానిస్టు. టెనెసీ రాష్ట్ర రాజధాని నాష్‌విల్‌లోని రికార్డింగ్ స్టూడియోల్లో 1950ల చివరి నుంచి 2010ల దాకా కంట్రీ, రాక్, జానపద, పాప్ గాయకుల పాటలకు పియానో వాయించారు. పసితనంలోనే రెండు కళ్లూ పోయాయి. జార్జ్ జోన్స్, ప్యాట్సీ క్లైన్, బాబ్ డిలన్, చార్లీ రిచ్, క్రిస్టల్ గేల్ పాడిన ప్రసిద్ధమైన పాటల్లో వినిపించే పియానో ఆయనదే. నాష్‌విల్ స్టూడియోల్లో నిత్యం కలిసి పనిచేసిన అగ్రశ్రేణి వాద్యకారుల బృందాన్ని 'ఎ-టీమ్' అనేవారు. ఫ్లాయిడ్ క్రేమర్ తర్వాత ఆ బృందంలో పియానో స్థానం రాబిన్స్‌ది. 2012లో ఆయన్ను కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

సెషన్ పియానిస్టు: నిర్వచనం

ఏ ఒక్క గాయకుడి బృందంలోనూ ఉద్యోగిగా చేరకుండా, రికార్డింగ్ ఉన్న రోజున స్టూడియోకు వచ్చి, ఆ పూటకు వాయించి, దానికి పారితోషికం తీసుకునే వాద్యకారుణ్ని సెషన్ సంగీతకారుడంటారు. పాట హక్కుల్లో, అమ్మకాల్లో సాధారణంగా అతనికి భాగం ఉండదు. నాష్‌విల్‌లో ఈ పనివేళలను, కనీస వేతనాన్ని అమెరికా సంగీతకారుల సమాఖ్య నిబంధనలు నిర్ణయించేవి. ఒక సెషన్ అంటే మూడు గంటలు. ఉదయం పదింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి పదింటికి, ఇలా రోజుకు నాలుగు సెషన్లు నడిచేవి. ఒక్కో సెషన్‌లో మూడు నాలుగు పాటలు పూర్తి కావాలని నిర్మాతలు ఆశించేవారు. సెషన్‌కు నాయకత్వం వహించిన వాద్యకారుడికి రెట్టింపు వేతనం దక్కేది.

ఈ లెక్కన ఒక పాటకు దొరికేది ముప్పావు గంట నుంచి గంట. పాటను మొదటిసారి వినడం, దానికి తగిన వాదన ఆలోచించుకోవడం, మిగతావారితో పొందిక కుదుర్చుకోవడం, తప్పు లేకుండా టేపు మీదికి ఎక్కించడం అన్నీ ఆ వ్యవధిలోనే జరగాలి. వేళ్ల వేగం కన్నా తొందరగా సరైన నిర్ణయానికి రాగలగడమే ఈ వృత్తిలో నిలబెడుతుంది.

బాల్యం, చదువు

రాబిన్స్ తూర్పు టెనెసీలోని స్ప్రింగ్ సిటీలో పుట్టారు. మూడేళ్ల వయసులో తండ్రి కత్తితో ఆడుకుంటుండగా ఒక కంటికి గాయమైంది. కొద్దికాలానికే దాని ప్రభావంతో రెండో కంటి చూపు కూడా పోయింది. తర్వాత ఆయన్ను నాష్‌విల్‌లోని టెనెసీ అంధుల పాఠశాలలో చేర్చారు. అక్కడ ఏడేళ్ల వయసులో పియానో పాఠాలు మొదలయ్యాయి. నేర్పినది యూరప్ శాస్త్రీయ సంగీతం. ఆయన చెవి మాత్రం రేడియోలో వచ్చే పాటల మీద ఉండేది. విన్నదాన్ని సొంతంగా వాయించుకుంటూ ఆ రెండో చదువును పాఠశాలలోనే సాగించారు.

'పిగ్' అన్న పేరు కూడా బడిలో వచ్చిందే. అనుమతి లేని వేళల్లో మంటలొస్తే తప్పించుకునే మెట్ల దారిన పియానో గదిలోకి దొంగతనంగా చేరేవారు. బట్టలు మసికొట్టుకుపోయి కనిపించిన కుర్రాణ్ని పర్యవేక్షకుడు పందితో పోల్చారు. ఆ పేరే జీవితాంతం నిలిచింది. రికార్డు అట్టల మీద, పురస్కార పత్రాల మీద కూడా అది కనిపిస్తుంది.

తొలినాళ్లలో ఆయన మీద ప్రభావం చూపినవారిలో నాష్‌విల్ పియానిస్టు పాపా జాన్ గార్డీ, రే చార్ల్స్, ఫ్లాయిడ్ క్రేమర్ ముఖ్యులు. వీరిలో రే చార్ల్స్ కూడా అంధులే, ఫ్లోరిడాలోని అంధుల పాఠశాలలో చదువుకున్నవారే. 1962లో రే చార్ల్స్ కంట్రీ పాటలను తన పద్ధతిలో పాడి వెలువరించిన 'మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్' ఆల్బమ్ కంట్రీకీ, బ్లూస్ మూలాలున్న సంగీతానికీ మధ్య దూరాన్ని బాగా తగ్గించింది. రాబిన్స్ వాదనలో వినిపించే బ్లూస్, చర్చి సంగీతపు ఛాయలకు మూలం ఈ వైపు వెతకాలి.

నాష్‌విల్ పద్ధతి
(చూడండి: ఎ-టీమ్, నాష్‌విల్ సౌండ్, అంకెల స్వరలిపి)

1950ల మధ్యలో నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ, ఆయన తమ్ముడు హెరాల్డ్ నాష్‌విల్ 16వ అవెన్యూ సౌత్‌లో స్టూడియో నెలకొల్పారు. సైనిక అవసరాలకు వాడే అర్ధవృత్తాకారపు రేకుల షెడ్డు కాబట్టి దాన్ని 'క్వాన్‌సెట్ హట్' అన్నారు. 1962లో కొలంబియా కంపెనీ దాన్ని కొనుక్కుంది. ఆర్‌సీఏ కంపెనీ స్టూడియో 1957లో మొదలైంది. దాని వ్యవహారాలు గిటారిస్టు చెట్ ఆట్కిన్స్ చూసేవారు. ఈ రెండు చోట్లా పిలుపందుకునేవారు దాదాపు ఒకరే: గిటార్లకు గ్రేడీ మార్టిన్, హ్యాంక్ గార్లండ్, హెరాల్డ్ బ్రాడ్లీ, రే ఎడెంటన్; బేస్‌కు బాబ్ మూర్; డ్రమ్స్‌కు బడ్డీ హార్మన్; పెడల్ స్టీల్ గిటార్‌కు పీట్ డ్రేక్; హార్మోనికా సహా పలు వాద్యాలకు చార్లీ మెకాయ్; వెనకపాటకు జోర్డనేర్స్, అనితా కెర్ సింగర్స్. పియానోకు మొదట క్రేమర్, తర్వాత రాబిన్స్.

తీగవాద్యాల బృందం ఉన్న పాటలకు బిల్ మెకల్హినీ వంటి సంగీత రచయితలు స్వరాలు రాసి ఇచ్చేవారు. తక్కిన వాద్యకారుల ముందు మాత్రం రాసిన స్వరాలు ఉండేవి కావు. రచయిత గిటార్ పట్టుకుని పాడి వినిపించేవారు, లేకపోతే నమూనా టేపు వేసేవారు. పల్లవి ఎక్కడ, చరణం ఎక్కడ, ఏ వాద్యం ఎప్పుడు అన్నది మాటల్లోనే తేల్చుకునేవారు. జోర్డనేర్స్ గాయకుడు నీల్ మాథ్యూస్ 1950ల చివర్లో మొదలుపెట్టిన అంకెల పద్ధతిని చార్లీ మెకాయ్ తదితరులు వాద్యకారుల అవసరాలకు మలిచారు. ఇందులో కార్డులకు, అంటే ఒకేసారి మోగే స్వరసమూహాలకు, వాటి స్వరాల పేర్లు కాకుండా ఒకటి, నాలుగు, ఐదు అని వరస సంఖ్యలు ఉంటాయి. గాయకుడి గొంతును బట్టి శ్రుతి పెంచినా తగ్గించినా సంఖ్యలు మారవు. షడ్జం ఎక్కడ పెట్టినా సరిగమలు అవే అన్నట్టే ఇదీ.

చూపు లేని పియానిస్టు ఇక్కడ తొలి వరసలోకి రావడానికి ఈ పద్ధతి తోడ్పడింది. కాగితం మీది స్వరాలను చూస్తూ అక్కడికక్కడ వాయించాల్సిన పెద్ద వాద్యబృందాల సెషన్లలో అంధ వాద్యకారుడికి చోటు దొరకడం కష్టం. నాష్‌విల్‌లో కళ్లున్నవారు కూడా చెవి మీదే ఆధారపడేవారు. అంకెలను నోటితో చెప్పుకోవచ్చు, గుర్తుపెట్టుకోవచ్చు. రాబిన్స్ ప్రతిభను తక్కువ చేయకుండానే ఈ సంగతి చెప్పుకోవాలి.

1960ల మొదట్లో అక్కడి రికార్డింగ్ యంత్రాలకు మూడు నాలుగు ట్రాకులకు మించి ఉండేవి కావు. గాయకుడు, వాద్యకారులు, వెనకపాట బృందం ఒకే గదిలో ఒకేసారి పాడి వాయించేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటికి రావాల్సిందే.

తొలి రికార్డింగులు

జార్జ్ జోన్స్ పాడిన 'వైట్ లైట్నింగ్' రాబిన్స్‌కు పేరు తెచ్చిన మొదటి పెద్ద పాట. కొండప్రాంతాల్లో చాటుగా కాచే నాటుసారా గురించిన హాస్యగీతం ఇది. రాసినది 'బిగ్ బాపర్'గా పేరుపొందిన జె.పి. రిచర్డ్‌సన్. 1959 ఫిబ్రవరి 3న విమాన ప్రమాదంలో ఆయన మరణించాక కొద్ది రోజులకే ఈ రికార్డు మార్కెట్లోకి వచ్చింది. కంట్రీ పాటల ఆదరణ క్రమాన్ని చూపే పట్టికలో జోన్స్‌కు తొలి అగ్రస్థానం దీనితోనే దక్కింది. పాట కంట్రీ పట్టికకు ఎక్కినా నడక పూర్తిగా రాక్ అండ్ రోల్. పియానో వెనక ఒదిగి ఉండదు, గాయకుడితో పోటీ పడుతున్నట్టు వేగంగా మోగుతుంది. అప్పటికి వాద్యకారుడి వయసు ఇరవై దాటింది.

అదే 1959లో 'మెల్ రాబిన్స్' పేరుతో స్వయంగా పాడిన 'సేవ్ ఇట్' అన్న రాక్ అండ్ రోల్ రికార్డును ఆర్గో కంపెనీ విడుదల చేసింది. అమ్మకాలు నామమాత్రం. అయితే రాకబిల్లీ అభిమానుల్లో అది బతికి ఉంది. తర్వాత రోజుల్లో క్రాంప్స్ అన్న పంక్ బృందం దాన్ని మళ్లీ పాడింది.

1960 నవంబరులో ప్యాట్సీ క్లైన్ 'ఐ ఫాల్ టు పీసెస్' రికార్డింగ్‌కు ఓవెన్ బ్రాడ్లీ ఆయన్ను పిలిచారు. మరుసటి ఏడు ఇది కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 1961 ఆగస్టులో అదే గాయని, అదే నిర్మాత రికార్డు చేసిన 'క్రేజీ'లో పియానో వాయించినది ఫ్లాయిడ్ క్రేమర్. ఇద్దరి పద్ధతుల్లో తేడా తెలుసుకోవాలనుకునేవారికి ఈ రెండు పాటలను పక్కపక్కన పెట్టి వినడం మంచి పాఠం. క్రేమర్ ప్రతి ఖాళీలోనూ తన ముద్రతో కనిపిస్తారు. రాబిన్స్ మొత్తం బృందపు నడకలో కలిసిపోతారు.

క్రేమర్ 1960లో సొంతంగా వెలువరించిన వాద్యగీతం 'లాస్ట్ డేట్' అన్ని రకాల పాటలకూ కలిపిన అమెరికా ప్రధాన పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. దాన్ని మొదటి స్థానానికి రానివ్వనిది ఎల్విస్ ప్రెస్లీ పాడిన 'ఆర్ యు లోన్సమ్ టునైట్'. ఆ సెషన్‌లోనూ పియానిస్టు క్రేమరే. 1961లో 'ఆన్ ద రీబౌండ్' బ్రిటన్‌లో అగ్రస్థానం పొందింది. ఆ తర్వాత క్రేమర్ చెట్ ఆట్కిన్స్, శాక్సఫోన్ వాద్యకారుడు బూట్స్ రాండాల్ఫ్‌లతో కలిసి కచేరీ పర్యటనలు చేస్తుండటంతో స్టూడియోలో ఆయనకు వీలు చిక్కని రోజులు పెరిగాయి. ఆ రోజులు రాబిన్స్‌కు కలిసొచ్చాయి. 1960ల మధ్యకల్లా నగరంలో అందరికన్నా ఎక్కువ పిలుపులు అందుకునే పియానిస్టుల్లో ఆయన ఒకరయ్యారు.

వాదన శైలి
(చూడండి: స్లిప్-నోట్, హాంకీ-టాంక్ పియానో, పెడల్ స్టీల్ గిటార్)

కంట్రీ పాటలో పియానోకు మూడు పనులుంటాయి. మొదటిది లయకు ఆధారం: ఎడమ చేయి బేస్ గిటార్‌తో, కుడి చేయి డ్రమ్స్‌తో పొత్తు కుదుర్చుకోవాలి. రెండోది పాదానికి పాదానికి నడుమ గాయకుడు ఊపిరి తీసుకునే చోట చిన్న పలుకుతో నింపడం. దీన్ని ఫిల్ అంటారు. మూడోది పాట మొదట్లో వచ్చే ఎత్తుగడ, మధ్యలో వచ్చే సొంత వాదన. వీటిలో రాబిన్స్‌కు ఎక్కువ పేరు తెచ్చినవి రెండోది, ఎత్తుగడలు.

ఫిల్ వాయించే అవకాశం ఒక్క పియానోది కాదు. స్టీల్ గిటార్, ఫిడేలు, హార్మోనికా, ఎలక్ట్రిక్ గిటార్ అన్నీ ఆ ఖాళీ కోసం చూస్తుంటాయి. అందుకే మొదటి చరణం ఒకరిది, రెండోది మరొకరిది అని పంచుకునే ఆచారం ఉంది. తన వంతు కానప్పుడు పియానిస్టు అడుగున కార్డులు పట్టుకుని ఉండాలి, లేదా పూర్తిగా ఆగిపోవాలి. రాబిన్స్ రికార్డింగుల్లో ఆయన ఏమీ వాయించని పాదాలు చాలానే ఉంటాయి. కొత్తగా విన్నవారికి ఇది లోపంలా తోచవచ్చు. నిర్మాతలు ఆయన్ను మళ్లీ మళ్లీ పిలవడానికి కారణాల్లో అదొకటి.

స్లిప్-నోట్ అన్నది నాష్‌విల్ పియానోకు ప్రత్యేకమైన పలుకు. పియానో మెట్టు నొక్కితే నిర్ణీత స్వరమే మోగుతుంది. దాని మీద జారు పలికించడం కుదరదు. పెడల్ స్టీల్ గిటార్‌లో తీగ బిగువు మార్చి ఒక స్వరం నుంచి మరో స్వరానికి నున్నగా వెళ్లవచ్చు. ఆ భ్రమను పియానో మీద కలిగించడానికి, చేరాల్సిన స్వరానికి ఒక మెట్టు కింది స్వరాన్ని ముందు తాకి, మరుక్షణం అసలు స్వరానికి జారుకుంటారు. పైనున్న స్వరం ఈలోగా కదలకుండా మోగుతూ ఉంటుంది. పాటల రచయిత డాన్ రాబర్ట్‌సన్ 1960లో హ్యాంక్ లాక్లిన్ కోసం తయారుచేసిన నమూనా టేపులో ఇలా వాయించారు. చెట్ ఆట్కిన్స్ అది విని, రికార్డింగ్‌లో అలాగే వాయించమని క్రేమర్‌ను అడిగారు. 'ప్లీజ్ హెల్ప్ మి, ఐయామ్ ఫాలింగ్' అన్న ఆ పాటతోనూ, 'లాస్ట్ డేట్'తోనూ ఈ పలుకు క్రేమర్ పేరుకు అతుక్కుపోయింది. ఆ తర్వాతి పియానిస్టులందరికీ అది తప్పనిసరి విద్య అయింది.

రాబిన్స్‌కు స్లిప్-నోట్ క్షుణ్ణంగా వచ్చు. కానీ దాన్ని తన సంతకంగా చేసుకోలేదు. విషాదగీతానికి స్లిప్-నోట్, సారా దుకాణం పాటకు హాంకీ-టాంక్ మోత, రాక్ నడకకు బూగీ-వూగీ ఎడమచేయి, ఆత్మీయ గీతానికి చర్చి పద్ధతిలో నిండైన కార్డులు, రాత్రివేళ పాటకు జాజ్ ఛాయలు, ఇలా పాటను బట్టి మారిపోయేవారు. క్రేమర్ పియానోను రెండు సెకన్లలో గుర్తుపట్టవచ్చు. రాబిన్స్‌ను అలా గుర్తుపట్టడం కష్టం, అరవై ఏళ్ల పాటు పని దొరకడానికి అదీ ఒక కారణమే. ఫ్యాషన్ మారినప్పుడల్లా పాతబడే ముద్ర ఆయనకు లేకపోయింది.

రాక్ రికార్డింగులు: 'బ్లాండ్ ఆన్ బ్లాండ్'
(చూడండి: బాబ్ డిలన్, కంట్రీ రాక్)

1966 ఫిబ్రవరి, మార్చి నెలల్లో బాబ్ డిలన్ నాష్‌విల్‌లోని కొలంబియా స్టూడియోలో 'బ్లాండ్ ఆన్ బ్లాండ్' ఆల్బమ్‌లోని ఎక్కువ భాగం రికార్డు చేశారు. న్యూయార్క్ సెషన్లు ఆశించినట్టు సాగకపోవడంతో నిర్మాత బాబ్ జాన్‌స్టన్ ఈ ఊరిని సూచించారు. డిలన్‌తో ఆర్గన్ వాద్యకారుడు అల్ కూపర్, గిటారిస్టు రాబీ రాబర్ట్‌సన్ వచ్చారు. నాష్‌విల్‌లో వారికి తోడైనవారిలో చార్లీ మెకాయ్, వేన్ మాస్, జో సౌత్, హెన్రీ స్ట్రెలెకీ, డ్రమ్మర్ కెన్నెత్ బట్రీ, పియానోకు రాబిన్స్ ఉన్నారు.

మూడు గంటల్లో నాలుగు పాటలు ముగించే అలవాటున్నవారికి ఇది వింత అనుభవం. డిలన్ స్టూడియోలోనే కూర్చుని సాహిత్యం రాసుకుంటుంటే వాద్యకారులు గంటల తరబడి పేకాడుతూ, కునుకుతీస్తూ వేచి ఉన్నారు. జీతం మాత్రం గడియారం ప్రకారం నడిచింది. పదకొండు నిమిషాలు దాటిన 'శాడ్-ఐడ్ లేడీ ఆఫ్ ద లోలాండ్స్' అలాంటి ఒక తెల్లవారుజామున రికార్డయింది. పాట ఎంతసేపు సాగుతుందో ముందుగా తెలియని వాద్యకారులు ప్రతి చరణం చివరా ఇదే ఆఖరిదనుకుని నాదం పెంచడం, మళ్లీ తగ్గించడం అందులో వినవచ్చు. 'రెయినీ డే విమెన్ నం. 12 & 35'లో ట్రాంబోన్ పక్కన మోగే మోటు పియానో ఇందుకు పూర్తిగా వేరే స్వభావం. వీధి ఊరేగింపు బ్యాండును తలపించే ఆ గోల మధ్య హాంకీ-టాంక్ పలుకు సరిగ్గా ఒదిగింది. సింగిల్‌గా విడుదలైన ఆ పాట ప్రధాన పట్టికలో రెండో స్థానానికి చేరింది.

ఈ ఆల్బమ్ ప్రభావం నగరం మీదా పడింది. రాక్, జానపద గాయకులు నాష్‌విల్ దారి పట్టారు. బర్డ్స్ బృందం, లియోనార్డ్ కోహెన్, నీల్ యంగ్ ఆ తర్వాతి అయిదారేళ్లలో అక్కడ రికార్డు చేసుకున్నవారిలో ఉన్నారు. జోన్ బయెజ్ 1968లో అక్కడ రికార్డు చేసిన పాటలకు, 1969లో వెలువడిన 'డేవిడ్స్ ఆల్బమ్' సహా, రాబిన్స్ పియానో వాయించారు. డిలన్ తదుపరి నాష్‌విల్ ఆల్బమ్‌లలో మాత్రం ఆయన లేరు. 1969 నాటి 'నాష్‌విల్ స్కైలైన్'లో పియానో బాబ్ విల్సన్‌ది.

1970ల దశకం

కొలంబియా–ఎపిక్ నిర్మాత బిల్లీ షెరిల్ తీగవాద్యాలతో, కోరస్‌తో నిండుగా తీర్చే శైలికి ఈ దశకంలో ఆదరణ పెరిగింది. 1973లో షెరిల్ నిర్మించిన 'బిహైండ్ క్లోజ్డ్ డోర్స్' పాడినది చార్లీ రిచ్. కెన్నీ ఓడెల్ రాసిన ఈ పాట కంట్రీ పట్టికలో మొదటి స్థానం, ప్రధాన పట్టికలో 15వ స్థానం పొందింది. రిచ్ స్వయంగా జాజ్, బ్లూస్ తెలిసిన గట్టి పియానిస్టు. అయినా ఈ పాటను తెరిచే పియానో ఎత్తుగడ రాబిన్స్‌ది. ఆ నాలుగైదు పలుకులు వినగానే పాట ఏదో శ్రోతకు తెలిసిపోతుంది. పాట రచయిత హక్కుపత్రంలో వాటికి వాటా లేదు. సెషన్ వృత్తి ఆర్థిక స్వరూపానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

1977లో అలెన్ రేనాల్డ్స్ నిర్మాణంలో లొరెట్టా లిన్ చెల్లెలు క్రిస్టల్ గేల్ పాడిన 'డోంట్ ఇట్ మేక్ మై బ్రౌన్ ఐస్ బ్లూ' మరో మెట్టు. రిచర్డ్ లీ రాసిన ఈ పాట కంట్రీ పట్టికలో నాలుగు వారాలు అగ్రస్థానంలో, ప్రధాన పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. గాయనికి, రచయితకు గ్రామీ పురస్కారాలు వచ్చాయి. ఇందులో స్టీల్ గిటార్, ఫిడేలు ముందుకు రావు. జాజ్ క్లబ్బును గుర్తుచేసే ఆ వాతావరణాన్ని మొదటి సెకన్లలోనే పియానో స్థిరపరుస్తుంది. ఎత్తుగడ రాబిన్స్ స్టూడియోలో అప్పటికప్పుడు అల్లినదే. ఆయన రికార్డింగుల్లో ఒక్కటే వినే వ్యవధి ఉన్నవారికి సూచించదగినది ఇదే.

కెన్నీ రోజర్స్ పాడిన 'ద గ్యాంబ్లర్' (1978), బాబీ బ్రాడక్, కర్లీ పుట్మన్ రాయగా జార్జ్ జోన్స్ పాడిన 'హి స్టాప్డ్ లవింగ్ హర్ టుడే' (1980) కూడా ఈ కాలానివే. 'వైట్ లైట్నింగ్'కు, ఈ చివరి పాటకు నడుమ ఇరవై ఒక్క ఏళ్లు. గాయకుడు, పియానిస్టు వారే. మొదటిదాంట్లో విశ్రాంతి లేకుండా పరుగెత్తిన పియానో రెండోదాంట్లో మాటను అంటిపెట్టుకుని అతి పొదుపుగా నడుస్తుంది.

రాబర్ట్ ఆల్ట్‌మన్ సినిమా 'నాష్‌విల్' (1975) మొదట్లో ఒక రికార్డింగ్ సన్నివేశం ఉంది. హెన్రీ గిబ్సన్ పోషించిన గాయకుడి పాత్ర పియానిస్టు మీద మండిపడుతుంది. తాను పిగ్‌ను అడిగితే ఫ్రాగ్‌ను తెచ్చారన్నది ఫిర్యాదు. స్టూడియో లోకానికి బయట అప్పటికి చాలామందికి తెలియని వాద్యకారుడి మీద విసిరిన చమత్కారమిది.

సొంత ఆల్బమ్‌లు

1963లో టైమ్ కంపెనీ ద్వారా 'ఎ బిట్ ఆఫ్ కంట్రీ పియానో' విడుదలైంది. పదేళ్లు దాటాక ఎలెక్ట్రా కంపెనీ మూడు ఆల్బమ్‌లు వెలువరించింది: 'కంట్రీ ఇన్‌స్ట్రుమెంటలిస్ట్ ఆఫ్ ద ఇయర్' (1977), 'పిగ్ ఇన్ ఎ పోక్' (1978), 'అన్‌బ్రేకబుల్ హార్ట్స్' (1979). వీటిలో ఏదీ క్రేమర్ స్థాయి విజయం సాధించలేదు. పాటకు తగ్గట్టు రూపం మార్చుకునే గుణం తోడు వాద్యకారుడికి బలం. అట్ట మీద తన పేరే ఉన్నప్పుడు శ్రోత ఆశించేది అది కాదు.

పురస్కారాలు

కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఏటా ఇచ్చే ఉత్తమ వాద్యకారుడి పురస్కారం 1976లోనూ, మళ్లీ 2000లోనూ ఆయనకు దక్కింది. ఇరవై నాలుగేళ్ల ఈ ఎడంలో కంట్రీ సంగీతపు రుచులు రెండు మూడు సార్లు మారాయి. 1977 ఆల్బమ్‌కు 1978లో ఉత్తమ కంట్రీ వాద్యసంగీతం విభాగంలో గ్రామీ వచ్చింది. 2012లో గార్త్ బ్రూక్స్, కాన్నీ స్మిత్‌లతో పాటు కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ప్రవేశించారు. క్రేమర్‌కు ఆ గౌరవం 2003లో, మరణించిన ఆరేళ్లకు దక్కింది. రాబిన్స్ దాన్ని సజీవంగా అందుకున్నారు.

చివరి దశ

1980ల తర్వాత మల్టీట్రాక్ టేపులు, సింథసైజర్ల వాడకం పెరగడంతో స్టూడియో పద్ధతులు మారాయి. వాద్యకారులందరూ ఒకేసారి కూర్చోవాల్సిన అవసరం తగ్గింది. పాత శబ్దాన్ని కోరుకునేవారు మాత్రం రాబిన్స్‌ను వెతుక్కుంటూ వచ్చారు. అలన్ జాక్సన్, ర్యాండీ ట్రావిస్ వంటి సంప్రదాయవాద గాయకుల రికార్డింగులకు ఆయన వాయించారు. ప్రత్యామ్నాయ రాక్ బృందం వీన్ 1996లో నాష్‌విల్ పాతతరం వాద్యకారులతో '12 గోల్డెన్ కంట్రీ గ్రేట్స్' చేసింది. పేరులో పన్నెండున్నా అందులో ఉన్నవి పది పాటలే. ఆ వాద్యకారుల్లో రాబిన్స్, చార్లీ మెకాయ్ ఉన్నారు. స్టర్గిల్ సింప్సన్ తొలి ఏకవ్యక్తి ఆల్బమ్ 'హై టాప్ మౌంటెన్' (2013)లోనూ వాయించారు. అది వెలువడేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

2022 జనవరి 30న టెనెసీలోని ఫ్రాంక్లిన్‌లో 84 ఏళ్ల వయసులో మరణించారు.

రికార్డింగుల లెక్క

రాబిన్స్ ఎన్ని పాటలకు వాయించారన్నదానికి సంపూర్ణమైన జాబితా లేదు. 1960ల్లో సింగిల్ రికార్డుల మీద వాద్యకారుల పేర్లు వేసేవారు కాదు, ఎల్పీ అట్టల మీద వేయడమూ అరుదే. పరిశోధకులకు ముఖ్య ఆధారం సంగీతకారుల సంఘానికి సమర్పించిన సెషన్ ఒప్పంద పత్రాలు. వేతనం కోసం రాసినవి కాబట్టి ఆ పూట ఎవరు హాజరయ్యారో వాటిలో ఉంటుంది. ఏ పాటలో ఎవరు ఏం వాయించారో ప్రతిసారీ ఉండదు. ఒకే సెషన్‌లో ఇద్దరు పియానిస్టులున్నప్పుడు ఒకరు ఆర్గన్‌కు మారేవారు. ఎవరు ఎటు కూర్చున్నారన్నది చెవితో తేల్చుకోవాల్సి వస్తుంది. ఫలితంగా కొన్ని ప్రసిద్ధ రికార్డుల పియానోను ఒక పుస్తకం క్రేమర్‌కు, మరొకటి రాబిన్స్‌కు ఆపాదించడం కనిపిస్తుంది.

సంబంధిత వాద్యకారులు

అలబామాలోని మజిల్ షోల్స్ నుంచి 1960ల మధ్యలో నాష్‌విల్ వచ్చిన డేవిడ్ బ్రిగ్స్ తరచూ ఎల్విస్ ప్రెస్లీకి వాయించారు. స్పూనర్ ఓల్డమ్, బారీ బెకెట్ మజిల్ షోల్స్ స్టూడియోల్లో సోల్ సంగీతానికి పనిచేశారు. ఎర్ల్ పూల్ బాల్ బర్డ్స్ బృందం 1968 ఆల్బమ్ 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో'లో కంట్రీ పియానోను రాక్ శ్రోతలకు పరిచయం చేసినవారిలో ఒకరు. లాస్ ఏంజెలెస్‌లో లియోన్ రసెల్, 'బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్' పియానిస్టు ల్యారీ నెక్టెల్ ఇదే వృత్తిలో ఉన్నారు. లండన్‌లో నికీ హాప్కిన్స్ రోలింగ్ స్టోన్స్, కింక్స్ రికార్డులకు వాయించారు. రసెల్ తర్వాత గాయకుడిగా పేరు పొందారు. అంధ పియానిస్టు రానీ మిల్సాప్ కూడా సెషన్ వాద్యం నుంచి మొదలై 1970ల్లో అగ్రశ్రేణి కంట్రీ గాయకుడయ్యారు.